చడీచప్పుడు లేని ప్రాజెక్టు

నేను చేసే ఉద్యోగం ఏమిటో, కర్ణాటకలో ఉన్న మా చింతామణి ఊళ్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఎదురింటావిడ అడిగితే కంప్యూటర్ పని అంటాను. ఆవిడ "అదేలేమ్మా, ఇప్పుడు అందరూ చేస్తాండేది అదే" అని ఊరుకుంటుంది. ఊరుకోవడమే మేలు. విడమరిచి చెప్పాల్సి వస్తే, ఇతరుల పనికి మార్కులు వేయడం నా పని అని చెప్పాలి. ఆ మాట పైకి అనడానికి ఈ మధ్య నాకు సిగ్గుగా ఉంటోంది.

ఏ కంపెనీ తాళం వేసి దాచుకోని ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. వాటి లోపలి కోడ్ అంతా నెట్‌లో అందరికీ కనబడేటట్టు పెడతారు. చేతనైనవాళ్లు బాగుచేయవచ్చు, కావలసినవాళ్లు ఊరికే వాడుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు. ఎవరు ఏ చిన్న మార్పు చేసినా అక్కడ నమోదవుతుంది, దాని పేరు కమిట్. ఏదైనా పనిచేయకపోతే వాడేవాళ్లు అక్కడే ఫిర్యాదు రాస్తారు, దాని పేరు ఇష్యూ. ఇవన్నీ బయటికి కనబడతాయి కాబట్టి లెక్కపెట్టవచ్చు. లెక్కపెట్టగలిగినదాన్ని నాలాంటివాళ్లు వదిలిపెట్టరు. ఎన్ని కమిట్లు పడ్డాయి, ఎంతమంది చేశారు, ఫిర్యాదులు ఎన్ని తీర్చారు, ఎన్ని తీర్చకుండా తెరిచి పెట్టుకున్నారు, ఇవన్నీ కలిపి ప్రాజెక్టుకు ఒక అంకె తేలుస్తాను. మార్పులు ఎక్కువైతే అంకె పెరుగుతుంది. ఫిర్యాదు తెరిచి ఉంటే తగ్గుతుంది. ఆ అంకెల ప్రకారం అన్నిటినీ పైనుంచి కిందికి ఒక పట్టికలో పేరుస్తాను. పైనున్నవి ఆకుపచ్చ, మధ్యలోవి పసుపు, కిందున్నవి ఎరుపు.

మా నాన్న శాలె మేష్ట్రు, అంటే బడి పంతులు. పెళ్లిలో విస్తళ్ల ముందు కూర్చున్నా సరే, పెదనాన్న పిల్లల మార్కులు అడిగి, నా మార్కులు చెప్పి, మధ్యలో ఎంత తేడా ఉందో అందరికీ వినబడేటట్టు చెప్పేవాడు. అప్పట్లో నాకు ఒళ్లు మండిపోయేది. మండిపోయినదాన్ని వేరే పని చూసుకోవాల్సింది కదా. అదే పని నేర్చుకుని, దానికి గ్రాఫులు కూడా గీయడం మొదలుపెట్టాను. నా లెక్క తప్పని ఎవరైనా అంటే ఊరుకునే రకాన్ని కాదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

బెంగళూరులో ఒక ట్రస్టు ఉంది. చూపులేని పిల్లలకూ టీచర్లకూ ఇచ్చే ఫోన్లలో, పుస్తకాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాము వేసి ఇవ్వాలని వాళ్లు అనుకున్నారు. తెలుగూ కన్నడమూ చదివే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది బతికి ఉంది, ఏది రేపో మాపో ఆగిపోయేటట్టుంది, పోల్చి చెప్పమని నాకు అప్పజెప్పారు. ఇంట్లో కూర్చునే పట్టిక తయారుచేశాను.

అన్నిటికన్నా పైన తేలింది చిక్కబళ్ళాపురం కాలేజీ పిల్లల ప్రాజెక్టు. రోజూ కమిట్లే కమిట్లు. ఆ మార్పులేమిటో కొన్ని తెరిచి చూశాను. ఒక పిల్లవాడు కామా పెట్టాడు. ఇంకొకడు ఆ కామా తీసేశాడు. మూడోవాడు మళ్లీ పెట్టాడు. మార్పు చేసినవాళ్లకు ఇంటర్నల్ మార్కులు వేస్తామని లెక్చరర్ చెప్పాడట. చూసి నవ్వుకున్నాను. నవ్వుకుని, పిల్లలు ఉత్సాహంగా ఉన్నారులే అని సర్దిచెప్పుకుని, పట్టికలో పైనే ఉంచాను.

అన్నిటికన్నా కింద బాగేపల్లి ప్రాజెక్టు ఉంది. చేసేది ఒకే ఒక మనిషి. నెలల తరబడి చడీచప్పుడు లేదు. ఫిర్యాదులు లేవు, మార్పులు లేవు. నా లెక్కలో అది పోయినట్టే. ఎర్ర రంగు వేశాను. దాన్ని ఒక్కసారి దింపుకుని, నా ఫోన్లో వేసుకుని, చెవి పెట్టి వినాలని మాత్రం నాకు తోచలేదు. వినడం నా లెక్కలో లేదు.

ఆ పట్టికను అందరికీ చూపించడానికి చిక్కబళ్ళాపురం కాలేజీ హాల్లోనే సభ పెట్టారు. నేను మాట్లాడడం అయిపోయాక వెనక వరసలో ఒకాయన లేచాడు. నా వయసే ఉంటుంది. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు.

"అమ్మా, మాది బాగేపల్లి. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. కడాకు ఎర్రగా ఉండాదే, అది మాది."

హాల్లో పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మర్యాదకు నవ్వానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, అది మర్యాద నవ్వు కాదు.

"మీరొక్కరే చేస్తున్నట్టుంది కదా" అన్నాను.

"చేసేది నేనే. వినేది మా అక్క. ఆయమ్మకు చూపు లేదు. పాతపాళ్య శాలెలో టీచరు. పాఠం ముందే ఫోన్లో విని, యాడ తప్పు పలికిందో నాకు చెప్తాది, నేను సరిచేస్తా. ఇన్నేండ్లకు తప్పులు తగ్గిపోయినాయి. అందుకే చేసేది కూడా తక్కువైంది."

"ఆమె చెప్పినవి ఎక్కడ రాసిపెడతారు?"

"రాసేది ఏముండాదమ్మా, ఒకే ఇల్లు కదా. అన్నం తినేటప్పుడు చెప్తాది."

పిల్లలు మళ్లీ నవ్వారు. నాకు ఊపు వచ్చింది. ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునేది పని కిందికి రాదనీ, నెట్‌లో నలుగురికీ కనబడేదే పని అనీ చెప్పాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మీరు కనబడకపోతే మిమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు అని కూడా అన్నాను. చప్పట్లు కొట్టారు. నిండుకుండ తొణకదని మనవాళ్లు చెప్పేది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన మర్యాదస్తుడు కాబట్టి అనలేదు. నేను తెలివైనదాన్ని కాబట్టి నాకు తట్టలేదు.

సభ అయ్యాక టీ దగ్గర మళ్లీ వచ్చాడు. "మా అక్క ఇప్పుడు ఎవరినీ అడక్కుండా తన పాఠం తనే చదువుకుంటాదమ్మా. ముందర అట్లా కాదు, ప్రతిదానికీ ఇంకొకర్ని బతిమాలాల్సి వస్తాండె. ఆయమ్మ మాదిరి ఇంకా కొంతమంది చదువుకుంటే చాలని మా ఆశ. మార్కు పెరగాలంటే ఏం చేయాలో చెప్పండి, చేస్తాం."

ట్యూషన్ మేష్ట్రు లాగా చెప్పాను. వారం వారం ఏదో ఒక మార్పు కనబడాలి. ఒకే పెద్ద మార్పు బదులు చిన్న చిన్నవిగా విడగొట్టి పెట్టండి. మీ ప్రోగ్రాము లోపల వేరేవాళ్లు రాసిన భాగాలు వాడుకుంటారు కదా, వాటికి కొత్తవి వచ్చినప్పుడల్లా పాతవి తీసేసి కొత్తవి పెట్టండి. తీర్చని ఫిర్యాదు ఒక్కటి కూడా ఉండకూడదు. ఆయన ప్రతి మాటకూ తల ఊపాడు. టీ చల్లారిపోయినా తాగలేదు. "సరేమ్మా" అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నెలల్లో నా గ్రాఫులో బాగేపల్లి గీత లేచింది. మొదట ఎరుపు పోయింది, తర్వాత పసుపూ పోయింది. వారం తప్పకుండా మార్పులు. తెరిచి ఉన్న ఫిర్యాదులు సున్నా. ఆ సున్నా చూసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుండేది. పేరు చెప్పకుండా ఆ గీతను వేరే ఊళ్లలో సభలకు పట్టుకుపోయాను. "చూడండి, కొలిస్తే చాలు, పని దానంతటదే బాగుపడుతుంది" అని చెప్పాను. ఒక సభలో శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాను.

ట్రస్టు వాళ్లు నిర్ణయించే రోజులు దగ్గరపడ్డాయి. అప్పుడు ఆయన ఫోన్ చేశాడు.

"అమ్మా, మొదటి వరసలోకి వచ్చినామంట కదా. అంతా మీ దయ. ఒకసారి మా ఇంటికి ఊటకు రావాల. అక్క పిలవమనింది."

వెళ్లాను. భోజనం పేరుకే, పొగిడించుకోవడానికే వెళ్లాను. పట్టుచీర కట్టుకున్నాను. మధ్యాహ్నం ఎండలో చేళూరు మీదుగా పోయే బస్సులో పట్టుచీర కట్టుకుని కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే. దారంతా, వచ్చే సభలో చూపించడానికి ఒక చిన్న వీడియో తీసుకోవాలని ఆలోచిస్తూ కూర్చున్నాను. అక్కగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని పాఠం వింటూ ఉంటారు. కింద నా గీత పైకి లేస్తూ ఉంటుంది. అంతవరకూ నా బుర్రలో అంతా తయారైపోయింది.

బస్టాండు వెనక వీధిలో ఇల్లు. తలుపు దగ్గరికి అక్కగారే వచ్చారు. నాకన్నా పెద్దావిడ, తల ముప్పాతిక నెరిసింది. గంజి పెట్టిన నూలుచీర. వీధి చివరి దాకా వినబడే గొంతు. "రామ్మా, రా. ఎండలో వచ్చినావు. కూసో, నీళ్లిస్తా" అని నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. నా చీర అంచు వేళ్లకు తగిలి "పట్టుచీరా? మా ఇంటికి రావడానికి ఇంత ఎందుకమ్మా" అన్నారు. లోపల్నుంచి పితికిపప్పు సారు మరుగుతున్న వాసన వస్తోంది. ఆయన పెరుగు తేవడానికి అంగడికి పోయాడు.

నీళ్లు తాగీతాగకముందే అడిగాను. "అక్కా, ఒకసారి మీ ఫోన్లో పాఠం చదివించండి, వీడియో తీసుకుంటాను."

"తిన్నాక చూద్దాంలేమ్మా."

"తిన్నాక బస్సు టైమవుతుంది. ఒక్క నిమిషమే."

"ఛార్జి ఉండాదో లేదో."

నేను అనుకున్నది చేసేదాకా కూర్చోలేను. కిటికీలో ఉన్న ఫోను నేనే తీశాను. పాతది, కింద బటన్లు ఉన్నది, ఆ బటన్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. ఛార్జి నిండుగా ఉంది. "ఉందక్కా" అని ప్రోగ్రాము నేనే తెరిచాను. కన్నడ పాఠం మొదలైంది. రెండు మాటలు బాగానే పలికింది. మూడో మాట సగంలో తెగిపోయింది. మళ్లీ అందుకుంది, మళ్లీ తెగింది. తర్వాత ప్రోగ్రామే మూసుకుపోయింది. ఇంకోసారి తెరిచాను. అదే జరిగింది.

"ఇదేమిటక్కా?"

ఆవిడ చీర కొంగు సర్దుకున్నారు. "కొత్తది వేసినప్పటి నుంచి అట్లే ఉండాదమ్మా. ఫోను పాతది కదా, దానికి బరువైతాండాదేమో."

నాకు విషయం వెంటనే అర్థమైంది. అర్థం కాలేదని దాక్కునే చోటు కూడా లేదు. కొత్త భాగాలు పెట్టమని చెప్పింది నేనే. అవి కొత్త ఫోన్ల కోసం చేసినవి. ఆయన చేతిలో కొత్త ఫోను ఉంది, దాంట్లో బాగానే పలుకుతుంది. ఈ ఫోన్లో ఎట్లా పలుకుతోందో చెప్పాల్సిన మనిషి ఈవిడ.

"మరి మీ తమ్ముడికి చెప్పలేదా?"

ఆవిడ గొంతు తగ్గించారు. అంత పెద్ద గొంతు అంత చిన్నదవుతుందని నేను అనుకోలేదు.

"ఎట్లా చెప్పేదమ్మా? చెప్తే అది ఫిర్యాదు అవుతాది. ఫిర్యాదు ఉంటే మార్కు తగ్గుతాదని మీరు చెప్పినారంట కదా. వాడు శాలె నుంచి వచ్చి కాఫీ కూడా తాగకుండా దాని ముందరే కూసుంటాండాడు. రోజూ అడుగుతాడు, అక్కా బాగుండాదా అని. బాగుండాది నాయనా అంటాను. ఇంకొన్ని దినాలే కదా, ట్రస్టు వాళ్లు తీసుకుంటే ఎందరికో పోతాది. నా ఒక్కదాని కోసం చెడగొట్టేదెందుకు?"

"మీ పాఠాలు ఎట్లా మరి?"

"పక్క క్లాసు టీచరమ్మ చదివి, రికార్డు చేసి పంపుతాది. పాపం ఆయమ్మకూ ఇల్లూ సంసారం ఉండాది. రోజూ అడిగేదానికి నాకు నోరు రాదు. అడగలేకపోయిన దినం, ముందు దినం చెప్పిన పాఠమే మళ్లీ చెప్తాను. పిల్లోళ్లు ఏమీ అనరు."

తల కొట్టేసినట్టయింది. వేరే మాట నాకు దొరకలేదు, ఇప్పుడూ దొరకడం లేదు. నేను ఊరూరా చూపించి మురిసిపోయిన సున్నా ఫిర్యాదులు ఈవిడ నోరు కట్టేసుకుని కూర్చోవడం వల్ల వచ్చినవి. ఎవరినీ అడక్కుండా చదువుకుంటున్న మనిషి, నేను బాగుచేశాక మళ్లీ పొరుగు క్లాసు గుమ్మం దగ్గర నిలబడి అడుక్కుంటోంది. దానికి నాకు శాలువా కప్పారు. పట్టుచీరలో ఒళ్లంతా చెమటలు పట్టాయి. లేచి వెళ్లిపోదామా అనిపించింది. భోజనానికి పిలిచిన ఇంట్లోంచి తినకుండా లేచిపోతే అది ఇంకో అవమానం, అదీ వాళ్లకే.

ఆయన పెరుగు గిన్నెతో వచ్చాడు. మా ఇద్దరి ముఖాలూ చూసి గడప దగ్గరే ఆగాడు.

"ఏం లేదురా, చీర సంగతి మాట్లాడుకుంటాండాం" అన్నారు అక్కగారు, మళ్లీ ఆ పెద్ద గొంతుతో.

నేను చెప్పేశాను. ధైర్యం ఉండి కాదు. ఆ అబద్ధంలో నేనూ ఒక చెయ్యి వేస్తే ఇక ఎవరికీ ముఖం చూపించలేనని భయం వేసి చెప్పాను. ఆయన పెరుగు గిన్నె కింద పెట్టి, ఫోను తీసుకుని, తెరిచి విన్నాడు. తెగిన చోట మళ్లీ విన్నాడు. నేల మీద కూర్చుండిపోయాడు.

"ఎన్నాళ్లాయె అక్కా?"

"చాన్నాళ్లాయె లేరా. అన్నం తిను."

అక్క మీద కోప్పడలేదు. నా మీదా కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. కోపానికి ఎదురుచెప్పడం నాకు బాగా వచ్చు, అరుపుకు అరుపు ఇచ్చి గట్టెక్కేదాన్ని. ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి, సభకు రాకముందు ఎట్లా ఉన్నదో ఆ పాత ప్రోగ్రామునే అక్క ఫోన్లో వేశాడు. ఇంతకాలం రాత్రింబవళ్లు చేసిందంతా నెట్‌లోనూ తీసేసి, పాతదాన్నే మళ్లీ పెడతానన్నాడు. పాత ఫోన్లు పట్టుకున్నవాళ్లు ఇంకా ఎవరెవరున్నారో, వాళ్లు కూడా చెప్పకుండా ఓర్చుకుంటాండారేమో అన్నాడు.

"అట్లా చేస్తే మీ అంకె పడిపోతుందప్పా" అన్నాను. అప్పుడు కూడా నా నోటికి వచ్చింది అంకే. వెంటనే నాలుక కరుచుకుని, ట్రస్టు వాళ్లకు నేను చెప్తాను, నా లెక్కే తప్పని రాసి పంపుతాను అన్నాను. వాళ్లు వింటారో లేదో నాకు తెలియదు. ఒకే కొలతతో అందర్నీ కొలవాలని వాళ్లకు నేర్పింది నేనే.

ఫోను మాట్లాడింది. తెగకుండా, గబగబా, నా చెవికి అందని, అలవాటైన ఆవిడకే అందే వేగంతో పాఠం చదివింది. అక్కగారు దాన్ని చెవికి ఆనించుకుని గోడకు చేరగిలబడ్డారు. మొదటి పేజీ అయింది. ఆపలేదు. వంటింట్లో సారు చల్లారుతోంది, ఇంటికొచ్చిన మనిషి విస్తరి ముందు కూర్చుని ఉంది, ఇవేవీ ఆవిడకు గుర్తులేవు. పెదవులు కదుపుతూ రెండో పాఠంలోకి పోయారు.

ఆయనే లేచి సారు వేడిచేసి వడ్డించాడు. రాగిముద్ద పెట్టాడు, మధ్యలో గుంట చేసి నెయ్యి వేశాడు. అక్కకు వినబడకుండా మెల్లగా వంగి అడిగాడు.

"అమ్మా, మేము పైకి వచ్చినామని మీరు శానా ఊర్లలో చూపించినారంట కదా. ఇప్పుడు మేము మళ్లీ కిందికి పడిపోతే మీకేమీ చెడ్డపేరు రాదు కదా?"

ఆయన నిజంగానే అడిగాడు. ఎత్తిపొడుపు కాదు. అది ఎత్తిపొడుపేమోనని ఆయన ముఖంలో ఎంత వెతికినా దొరకలేదు.

"రాదప్పా" అన్నాను. ముద్ద తుంచి సారులో అద్దుకున్నాను. ఆయన నీళ్లు అందించాడు, తాగాను.